జానెడు తువ్వాల

“తువ్వాల మళ్లీ పొట్టిదైంది, సూడక్కా” అన్నాడు రిజ్వాన్, పాటల పెట్టె పక్కన నిలబడి.

నవ్యశ్రీ చూడనట్టే చూసింది. గోదాం మధ్యలో ఇరవై జోడీలు అడుగులు వేస్తున్నాయి. ప్రతి జోడీకీ ఒక తువ్వాల. ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస ఆమె చేతిలో. మిగతావన్నీ బారెడు పొడవున ఊగుతుంటే, రంగనాయకులు, సుబ్బలక్ష్మిల మధ్య ఉన్నది మాత్రం మడత మీద మడత పడి జానెడుకు వచ్చింది.

“పోయిన వారం మూరెడుండె. ఈ లెక్కన వచ్చే వారానికి...”

“నువ్వు పాట చూసుకో.”

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఈ జోడీ ఆట నేర్చుకున్న నవ్యశ్రీ, ఆదోనికి తిరిగొచ్చాక ఊరికే కూర్చోలేకపోయింది. నాలుగు నెలల కిందట నలుగురితో మొదలుపెట్టింది. అందులో ఇద్దరు తనూ రిజ్వానూ. మిగతా ఇద్దరు వానకు తలదాచుకుందామని లోపలికి వచ్చినవాళ్లు. ఇప్పుడు మొత్తం నలభై రెండు మంది. పత్తి సీజన్ అయిపోయి ఖాళీగా పడున్న గోదాం అది. వీళ్లు ఎగిరితే మూలల్లో మిగిలిన దూది కూడా ఎగిరేది. ఆట ముగిసేసరికి పాతికేళ్ల వాళ్ల తలలు కూడా నెరిసిపోయేవి.

గోదాం ఇచ్చిన జయన్న ఒకటే షరతు పెట్టాడు. “పరాయి ఆడోళ్ల చెయ్యి మొగోళ్లు పట్టుకున్న పొద్దే తాళమేస్తా పాపా.”

మొగుడూ పెళ్లాలు కలిసి వచ్చి ఆడే రోజులు ఆదోనికి ఇంకా రాలేదు. మరెలాగని అందరూ తల పట్టుకుంటే, రంగనాయకులే ఉపాయం చెప్పాడు. ఎమ్మిగనూరులో ఆయనది బట్టల అంగడి. మరుసటి వారం ఒక కట్ట తువ్వాలలు తెచ్చి ముందర పెట్టాడు. “మగ్గం తువ్వాలమ్మా. ఎంత లాగినా సినగదు.”

నవ్యశ్రీ పెట్టిన నియమం ఇంకొకటుంది. పాట మొదలయ్యే ముందు ఎవరి జోడీని వాళ్లు పేరు పెట్టి పిలవాలి. కొత్తవాళ్ల బిడియం పోతుందని. సుబ్బలక్ష్మి కూడా ఎమ్మిగనూరు నుంచే వచ్చేది. “రా రిజ్వానూ”, “ఉదయ్, నా కాలు తొక్కొద్దప్పా” అని గలగలా పిలిచేది. రంగనాయకులు వంతు వస్తే మాత్రం తల వంచుకుని తువ్వాల కొస అందుకునేది.

“పేరు చెప్పాలి పెద్దమ్మా” అంటే, “గుర్తుకు రాలేదు పాపా” అనేది.

నాలుగు నెలలుగా గుర్తుకు రాలేదు.

ఇద్దరూ యాభై దాటినవాళ్లు. ఆమె నాలుగింటి బస్సుకు దిగేది. పది నిమిషాలకు ఆయన స్కూటర్ వచ్చేది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడటం లేదనే వాళ్ల నమ్మకం. మధ్యలో టీ వస్తే, ఆమెకు చక్కెర లేనిది ఆయనే తెచ్చిచ్చేవాడు. “మోకాలికి మాత్ర ఏసుకున్నారా?” అని ఆమె మెల్లగా గొణిగేది. ఇద్దరి ముఖాలూ పదహారేళ్ల పిల్లల ముఖాల్లా వెలిగిపోయేవి. చూసినప్పుడల్లా నవ్యశ్రీకి ముచ్చటేసేది. ఆ వెంటే జయన్న షరతు గుర్తొచ్చేది.

ఒకసారి ఉండబట్టలేక ఆమెను అడిగింది. “ఇంట్లో చెప్పే వస్తున్నారా పెద్దమ్మా?”

“సెబితే ఇంకేమన్నా ఉందా? పదకొండు మందిమి ఉండే ఇల్లు. గుడికని సెప్పి వస్తాండా. మా అత్తకు తెలిస్తే నా పని అయిపోయినట్టే.”

ఆయననూ అడిగింది.

“అంగడి పనని సెప్పి వస్తాండా పాపా. మా అమ్మకు తెలిస్తే గడప తొక్కనీదు” అన్నాడాయన, ఆ వయసులో. “వారానికి ఈ రెండు గంటలే నాకు దక్కేది.”

వచ్చే ఆదివారం ఎమ్మిగనూరులో రెండో జట్టు మొదలవుతోంది. అప్పుడే పదహారు మంది పేర్లిచ్చారు. మీ ఊరే కదా, ఇక అక్కడే ఆడుకోవచ్చని నవ్యశ్రీ అంటే, “మాకు ఆదోనే బాగుంది” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. రిజ్వాన్ అటు తిరిగి నవ్వుకున్నాడు.

ఇదంతా నవ్యశ్రీ మనసులో తిరుగుతుండగానే గోదాం షట్టర్ గరగరమంటూ పైకి లేచింది. జయన్న.

రిజ్వాన్ చప్పున పాట ఆపాడు. అందరూ ఆగారు. గోదాం నడుమ ఇద్దరు మాత్రం పాట లేకుండానే ఇంకో రెండు అడుగులు వేశారు. తువ్వాల కింద పడి ఉంది. రంగనాయకులు చేతిలో సుబ్బలక్ష్మి చెయ్యి ఉంది.

“నాకు ముందే సెప్పినారు” అన్నాడు జయన్న. “ఎవరో ఒకామె పేరు గూడా తెల్యని మొగోనితో ఆడతాందని. నేనే నమ్మలేదు. రిజ్వానూ, తాళం యాడుంది?”

ఈ గోదాం పోతే ఆదోనిలో ఇంకెవరూ చోటివ్వరు. మాట పాకితే ఎమ్మిగనూరులో అసలు మొదలే కాదు.

“జయన్న మామా, ఒక్క నిమిషం. వాళ్లనే అడగండి.”

జయన్న రంగనాయకులు ముందుకొచ్చి నిలబడ్డాడు. “ఏమప్పా, ఈమె నీకేమైతాది?”

రంగనాయకులు తల పక్కకు తిప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మాత్రం వదల్లేదు.

“నువ్వన్నా సెప్పు తల్లీ. ఈయప్ప పేరేంది? పేరు సెప్పు సాలు, తాళం ఎయ్యను.”

జయన్న వెనక నుంచి రిజ్వాన్ పెదవులు కదిలిస్తూ ‘రం... గ... నా...’ అని అందిస్తున్నాడు. నవ్యశ్రీ చేతులు జోడించింది.

“పెద్దమ్మా, ఈ ఒక్కసారి చెప్పండి. ఆయన పేరు మీకు తెలుసు.”

సుబ్బలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుంది నవ్యశ్రీ. నవ్వుతోంది.

“మొగుని పేరు ఎట్ల సెప్పేదప్పా?”