వాల్వు మీద మాట

ఫ్యాక్టరీలో యంత్రాల వాడకం పుస్తకాలు, హెచ్చరిక బోర్డులు రాసే రజని, రాయపూర్ ఆసుపత్రిలో జోగయ్య మంచం పక్కన అలసటగా కూలబడింది.

"హెచ్చరిక చదవకుండా వాల్వు తిప్పారని రిపోర్టు రాశాను. బస్, ఊఁ అనండి చాలు."

ఆవిరికి కాలిన రెండు చేతులకూ కట్లతో ఉన్న జోగయ్య తల అడ్డంగా ఊపాడు. "సదివేనమ్మా. కూడబలుక్కుని మరీ సదివేను."

"వాల్వు మీద హిందీలో 'సావధాన్' అని అంత పెద్దగా ఉంది కదా! మరెందుకు తిప్పారు?"

ప్రమాదం అనే అర్థమొచ్చే 'ఖతరా' అని రాస్తే పనివాళ్లు బెదిరిపోతారని, మూడు రోజులు తర్జనభర్జన పడి, హిందీలో 'జాగ్రత్త' అని చెప్పే ఆ మాట ఎంచింది తనే.

"రాసింది మన తెలుగమ్మాయేనన్నారు. అందుకే సావధానంగానే తిప్పేను తల్లీ, తొందరపడకుండా."