వాగు ఒడ్డున పొగ

అడవిలో మంట నిషేధించాక గొర్రెల కాపరులకు నీళ్లు శుద్ధి చేసే సర్కారు సీసాలే దిక్కయ్యాయి. ఈ వాగు తన లెక్కలో లేదని నా సీసా మూత తెరుచుకోనంటోంది. ఎండలో పెట్టి శుద్ధి చేద్దామంటే సాయంత్రం దాకా ఆగాలి. నా భార్య సుంకులమ్మ జ్వరంతో, దాహంతో పెదాలు తడుపుకుంటోంది. వాగు నీళ్లు తుండుగుడ్డతో వడగట్టి, మూడు రాళ్ల మీద సత్తుగిన్నె పెట్టి మంట వేశాను.

"మేపుకునే పర్మిట్టు పీకేస్తారు మామా!" అంది.

"పీకనీలే. నువ్వు పోయినాక గొర్రెలెందుకు నాకు?"

అటవీ శాఖ డ్రోన్ వచ్చి నెత్తిన నిలిచింది. "గిన్నెలోని నీళ్లు పోసి మంట ఆర్పండి."

"ఇవి నా పెండ్లాం తాగే నీళ్లు. నీ కాడ నీళ్లుంటే నువ్వే పోసి ఆర్పు!" అని అరిచాను.

నీళ్లు బుడబుడమని తెర్లాయి. చల్లార్చి తాగించాను. ఇంతలో పొగ చూసి, తెరుచుకోని సీసాలు పట్టుకుని పక్క మందల వాళ్లు గుట్ట దిగుతున్నారు.

సుంకులమ్మ మూతి తుడుచుకుంది. "ఇంకో గిన్నె పెట్టు మామా."