చేను మూల

1979. నంద్యాలలో ఆవాల మీద పరిశోధన చేసే లక్ష్మీనారాయణ ఆళ్లగడ్డలో బస్సు దిగి, హన్నమ్మ కూలికి వచ్చిన శనగ చేను వెతుక్కుంటూ పోయాడు.

"పిచ్చి ఆవాలు యాడైనా కనపడినాయా హన్నమ్మా? నా మళ్లన్నీ పేనుబంక పురుగుకు పోయినాయి. పిచ్చి ఆవాలను మాత్రం ఆ పురుగు ముట్టదు. మన ఆవాలతో వాటిని కలిపితే తట్టుకునే రకం వస్తుందేమో. ఊరూరా తిరిగి అలిసిపోయినా."

హన్నమ్మ నడుం పట్టుకుని లేచింది. రెండేళ్ల కిందట అతని మళ్లలో కలుపు తీసింది ఆమే. ఎంత చెప్పినా ప్రతి మడిలో ఒక మూల పిచ్చి ఆవాలు పీకకుండా వదిలేసేది.

"చేను మూలలు బీదోళ్లకు వదలాలని బైబిల్లో ఉండాది సార్" అనేది.

"అది పంటకు చెప్పింది, కలుపుక్కాదు" అని విసుగొచ్చి ఒకరోజు ఆమెను పనిలోంచి తీసేశాడు. ఆ మూలలు తనే దగ్గరుండి శుభ్రం చేయించాడు.

హన్నమ్మ ఇప్పుడు శనగ చేను చివరికంటా నడిచింది. మూలలో పిచ్చి ఆవాలు నడుమెత్తున, ఎండిన కాయలతో నిలబడి ఉన్నాయి.

"తొందరగా కోసుకో సార్" అంది. "రేపట్నుంచి ఈడ గూడా నన్ను రావద్దన్నారు."