సావు కార్డు మీద బంద్ చెయ్యొద్దు

సూర్యాపేటలో శ్రీలత నడుపుతున్న పెళ్లికార్డులు, కర్మ కార్డులు అచ్చువేసే దుకాణంలో పాత కంప్యూటర్ పాడైపోయింది. తెలుగు అక్షరాలు కొట్టే ప్రోగ్రామేమో పాత విండోస్‌లో తప్ప తెరుచుకోదు. చనిపోయిన భర్త సాంసన్ చేసిన కార్డులన్నీ అందులోనే ఉన్నాయి. మెకానిక్ వీరేందర్ నానా తంటాలు పడి ఆ పాత విండోస్‌ను, కార్డులతో సహా, కొత్త కంప్యూటర్‌లో బతికించాడు.

"దీంట్ల తిరిగే డిస్కు లేదక్కా. పాతదాని లెక్క గరగర సప్పుడు రాదు," అంటూ పాత డబ్బాను బండి మీద వేసుకుపోయాడు.

ఆ రాత్రి ఆఖరి పని మోతె ఊరి వాళ్ల దశదిన కర్మ కార్డు. సాంసన్ ఉండగా అట్లాంటి కార్డుతో ఏనాడూ లేచేవాడు కాదు. "సావు కార్డు మీద దుకాణం బంద్ చెయ్యొద్దు లతా," అంటూ ఏదో ఒక పెళ్లికార్డు తెరిచి, ఒక్క అక్షరమైనా కొట్టి లేచేవాడు. ఇవాళ ఆమెకు ఓపిక లేదు. షటర్ సగం దించి, కంప్యూటర్ ఆపబోయింది.

తెర ఆరలేదు. కొత్త కంప్యూటర్‌లోంచి గరగర మొదలైంది.

తెర మీద ఒక పెళ్లికార్డు తెరుచుకుంది. తమదే. పెళ్లికి ముందు సాంసన్ స్వయంగా చేసిన కార్డు. అతని పేరు పక్కన కర్సర్ కొట్టుకుంటోంది.

శ్రీలత సగం దించిన షటర్ వైపు చూసింది. పారిపోదామంటే మనసు రాలేదు.

"నేను కొట్టాల్నా?" అని మెల్లగా అడిగింది.

గరగర ఆగింది, ఎవరో విన్నట్టు.

ఆమె ఒక్క అక్షరం కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

పక్కన రెండో అక్షరం పడింది.