గీకే ముల్లు

“ఇది వినే ముల్లు కాదు లతీఫన్నా, గీకే ముల్లు. పారేద్దమని పక్కకు పెట్టిన,” అన్నాడు మొగులప్ప.

“గదే పెట్టు. జర చూద్దం,” అన్నాడు లతీఫ్.

వికారాబాద్ స్టేషన్ ఎదురుగా ఉంది మొగులప్ప రేడియో దుకాణం. తాండూరులో మైకుసెట్టు నడిపే లతీఫ్ పొద్దుటి ప్యాసింజర్ దిగి, చంకలో ఒకే ఒక్క రికార్డుతో వచ్చి కూర్చున్నాడు. ఆంజనేయస్వామి భజన రికార్డు అది. దాని మీద ఒకచోట అడ్డంగా గీత పడి ఉంది. అంతకుముందు దాని మీద కొత్త వజ్రం ముల్లు పెడితే, ఆ గీత దగ్గర చిన్నగా టక్కుమని పాట ముందుకు పోయింది. మొగులప్ప మొహం విచ్చుకుంది. లతీఫ్ మొహం ముడుచుకుంది.

“వద్దు.”

నీలం ముల్లు పెట్టాడు. అదీ గీతను దాటేసింది.

“ఇదీ వద్దు.”

“పెండ్లి పిల్లకు వంకలు పెట్టినట్టు పెడ్తున్నవేందే? గసొంటి ముల్లు మీ తాండూరుల ఎవ్వనికన్న ఉన్నదా? అయినా గీ గీత ఎట్ల పడ్డది?”

“ఎలుక గీకింది.”

“రూళ్ళకర్ర పెట్టి గీకిందా ఎలుక?”

లతీఫ్ నవ్వలేదు. నవ్వి చాలా రోజులైంది.

అరవై తొమ్మిది ఎండాకాలం. అతని భార్య దిల్షాద్‌కు నజీర్ ఒక్కడే తమ్ముడు. నాపరాళ్ళ బండి మీదికెక్కి నడిబజార్లో రెండంటే రెండు మాటలు అరిచాడు వాడు. ఆ రెండు మాటలకే వాణ్ణి జైల్లో వేశారు. ఇప్పుడు అంతా చల్లబడిందని చెప్పడానికి సర్కారు పెద్దమనిషి ఒకాయన తాండూరు వస్తున్నాడు. ఆ సభకు మైకు పెట్టడానికి ఎవ్వడూ ముందుకు రాలేదు. ఒకడికి జ్వరం వచ్చింది, ఇంకొకడికి అత్తగారి ఊళ్ళో పని పడింది. పోలీసు అమీన్ సాబ్ వచ్చి అడిగితే, లతీఫ్ ఒక్కడే తలూపాడు.

“ఆ రెండు మాటలు నీ మైకుల వినపడ్డయనుకో, సెట్టుతోని పాటు నిన్ను గూడ లోపలేస్త,” అన్నాడు అమీన్ సాబ్.

“నా నోట రావు సాబ్. ఏం పాట పెట్టాల్నో గూడ మీరే చెప్పున్రి.”

“దేవుని పాట పెట్టు. దేవునితోని లొల్లుండది,” అంటూ అమీన్ సాబ్ పెట్టెలో వెతికి, ఈ భజన రికార్డును తన చేత్తోనే తీసి ఇచ్చాడు.

ఆ రోజు నుంచి హోటల్లో లతీఫ్ కూర్చున్న బల్ల దగ్గర ఇంకొకడు కూర్చోలేదు. బజార్లో ఎదురుపడ్డవాళ్ళు పక్కకు తిరిగి తుపుక్కుమని ఊంచారు. బయటివాళ్ళ సంగతి సరే, ఇంట్లో దిల్షాద్ అన్నం గిన్నె ఠపీమని ముందర పెట్టింది.

“నా తమ్ముణ్ణి లోపలేసినోళ్ళకు నీ మైకు భోంగలు కట్టిస్తవా?”

“కట్టిస్త.”

“రేపు వాడు బయటికొస్తే ఏ మొహం పెట్టుకొని చూస్తవ్?”

“గీ మొహమే. ఉన్నది ఒక్కటే గద.” లతీఫ్ చెయ్యి కడుక్కుని లేచాడు. “ముల్లు పనికొస్తలేదు. వికారాబాద్ పోయొస్త.”

“పనికిరాకుండ పోయింది ముల్లు గాదు, నీ రోషం!” అన్నది ఆమె వెనక నుంచి.

ఆ మాట రైల్లో వికారాబాద్ దాకా వెంట వచ్చింది. ఇప్పుడు దుకాణంలోనూ చెవి దగ్గరే ఉంది.

మొగులప్ప సణుగుతూనే పాత ముల్లు పెట్టాడు. పాట గరగరమంటూ నడిచి, గీత దగ్గరికి వచ్చి, ముందుకు పోలేక అక్కడే చక్కర్లు కొట్టడం మొదలుపెట్టింది. మొగులప్ప తియ్యబోతే లతీఫ్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ మొదటి నుంచి వేయించాడు. మళ్ళీ అక్కడే.

“ఇయ్యి. గిదే కావాలె.”

“అన్నా, పెద్ద సభల పాట నిలవడితే ఇజ్జత్ పోతది. ఊరంత నవ్వుతది.”

“ఇప్పుడు ఊంచుతున్నది. నవ్వితే మంచిదే గద.”

మొగులప్ప అతని మొహం చూశాడు. ఇంకా తిరుగుతున్న రికార్డును చూశాడు. ముల్లును కాగితంలో చుట్టి లతీఫ్ జేబులో తనే పెట్టి, పైసలివ్వబోతే వద్దని తల అడ్డంగా ఊపాడు.

సభనాడు మార్కెట్ మైదానం నిండింది. జనం వచ్చారు గానీ, ఎవరి మొహంలోనూ చూద్దామన్న కోరిక లేదు. చుట్టూ లాఠీలు. నాలుగు మూలలా లతీఫ్ భోంగలు. ఆడవాళ్ళలో దిల్షాద్ ఉంది. మొగుడి సిగ్గులేనితనం కళ్ళారా చూడ్డానికే వచ్చినట్టు, కొంగు నిండా కప్పుకుని తలొంచుకుని నిలబడింది.

పెద్దమనిషి వేదికెక్కి చేతులు జోడించాడు.

“షురూ చెయ్యి,” అన్నాడు పక్కనే నిలబడ్డ అమీన్ సాబ్.

లతీఫ్ ముల్లు దించాడు. డోలక్, తాళాలు. భజన సాగింది. పెద్దమనిషి భక్తిగా కళ్ళు మూసుకున్నాడు. ముల్లు గీత దగ్గరికి వచ్చింది.

“జై... జై... జై... జై...”

“ఏమైందిరా?”

“ముల్లు పాతది సాబ్. పాట మీరిచ్చిందే.”

“తియ్యి! తియ్యి ముందు!”

“తీస్త సాబ్,” అని లతీఫ్ రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

“జై... జై... జై...”

ఆడవాళ్ళలో దిల్షాద్ కొంగు వెనక్కి నెట్టి తలెత్తింది.

“తెలంగాణ!” అన్నది మైదానం.