మేనేజరుగారి అన్నయ్య

ఆ పొద్దున ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక ముఖం మాడ్చుకుని కూర్చుంది. మేస్త్రి పరిస్థితీ అంతే. పదకొండింటికి అన్నయ్య వస్తున్నాడు.

తాగి తాగి రోడ్డున పడి, మానలేక మానలేక మానిన పదకొండు మంది ఉండే ఇల్లు అది. తలా ఒక గది, తలా ఒక తాళంచెవి. మేస్త్రి వచ్చి పద్నాలుగు నెలలు. ఇన్నాళ్లలో అతన్ని చూడ్డానికి ఈగ కూడా రాలేదు. ఆరేళ్ల కిందట అన్నయ్య మెడపట్టి గెంటి, "మనిషివయ్యాక కనబడు" అన్నాడు. పోయిన వారం మేస్త్రి ఫోన్ చేసి, మనిషినయ్యానని చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. నోరు ఊరుకోలేదు. "ఇక్కడ నేనే మేనేజర్ని" అనేశాడు.

"నిజం తెలిస్తే ఇక జన్మలో నా ముఖం చూడడు మేడమ్," అంటూ వార్డెన్ మేడమ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మేడమ్ నిప్పులాంటి మనిషి. అబద్ధమాడినవాడు ఆ పూట అందరి అంట్లూ తోమాలి. అలాంటిది మిగతా పదిమందీ కలిసి బతిమాలేసరికి మెత్తబడింది.

"భోజనాలయ్యే వరకే. ఆ తర్వాత నా కుర్చీ నాకు, నెల రోజుల అంట్లు నీకు. మరి అందాకా నేనెవర్ని?"

"మాలో ఒకరు మేడమ్," అన్నాడు లారీ డ్రైవరు హుషారుగా. "జుట్టు కాస్త రేపుకుంటే సరిపోతుంది. ముఖం ఎలాగూ ఉంది."

మేడమ్ అతన్ని కొరకొరా చూసి, జుట్టు రేపుకుంది.

"అన్నిటికంటే ముందు చెప్పులు," అంది. "అందరూ గుమ్మం దగ్గర స్టాండు మీద పెట్టండి. కాళ్ల మధ్య ఇరికించుకుని తిన్నారంటే ఎవరైనా ఇట్టే పట్టేస్తారు."

నిజమే. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడు చెప్పులు జానెడు దూరం పెడితే తెల్లారేసరికి ఉండవు. ఇంట్లోకి వచ్చినా ఆ భయం వదల్లేదు. చెప్పులు కాళ్ల మధ్య లేనిదే ఒక్కడూ ముద్ద మింగడు. ఎవరో దానమిచ్చిన స్టాండు మీద ఇన్నాళ్లూ ఉల్లిపాయలు కాపురం చేస్తున్నాయి. వాటిని ఖాళీ చేయించి పదకొండు జతలూ పేర్చారు. డ్రైవరు మూడుసార్లు వెళ్లి తనవి ఉన్నాయో లేదో చూసొచ్చాడు.

అన్నయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో బ్యాగు, అద్దంలా మెరిసే బూట్లు.

"సందు ఇరుకు కదా, కారు వీధి చివరే ఆపాను," అన్నాడు.

"స్టాండు ఇదిగోనండీ," అన్నాడు డ్రైవరు గర్వంగా.

"ఉండనీ బాబూ. మళ్లీ లేసులెవరు కట్టుకుంటారు?"

మేనేజరు కుర్చీలో మేస్త్రి ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. చేతిలో రిజిస్టరు తలకిందులుగా ఉంది. డ్రైవరు దగ్గాడు. మేస్త్రి దాన్ని తిప్పబోయి అడ్డంగా పెట్టాడు.

చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టే మొదలుపెట్టాడు అన్నయ్య. "రాత్రి ఎన్నింటికి తలుపేస్తారు? వేడినీళ్లు రోజూ వస్తాయా? ఒకసారి తప్పు చేస్తే పంపించేస్తారా?"

"లేదన్నయ్యా, ఇంకోసారి చూస్తాం," అన్నాడు మేస్త్రి చెమటలు తుడుచుకుంటూ. పట్టేశాడురా దేవుడా అనుకున్నాడు.

గది చూస్తానన్నాడు అన్నయ్య. కంగారులో మేస్త్రి తన గదికే తీసుకెళ్లాడు. అన్నయ్య పరుపును అరచేత్తో నొక్కి చూశాడు. లోపలి గడియ రెండుసార్లు వేసి తీశాడు.

"ఇందులో ఉండేవాడు ఎలాంటివాడు?"

"మంచివాడే అన్నయ్యా. కాస్త కోతలు కోస్తాడు."

వరండాలో మేడమ్ జుట్టు విరబోసుకుని కూర్చుంది. అన్నయ్య ఆగాడు. "మానేసి ఎన్నాళ్లయిందమ్మా?"

మేడమ్ జన్మలో చుక్క ముట్టలేదు. ఈ ప్రశ్న వస్తుందనీ అనుకోలేదు. "ఇవాళ పొద్దుట్నుంచేనండీ," అనేసింది.

డ్రైవరు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. అన్నయ్య మాత్రం నవ్వలేదు.

"మూడోరోజు మరీ కష్టం తల్లీ. ఓర్చుకో. నాలుగోరోజుకి ఆకలి తెలుస్తుంది."

అన్నయ్యకి తెలియని సంగతంటూ ఉంటే కదా, అనుకున్నాడు మేస్త్రి.

భోజనాలకు పొడుగాటి బల్లకి అటూ ఇటూ చేరారు. అందరి కళ్లూ గుమ్మం దగ్గర స్టాండు మీదే. ఎవరికీ ముద్ద దిగడం లేదు, అన్నయ్యకి తప్ప. ఆయన తలెత్తకుండా తింటున్నాడు.

మేనేజరు హోదాలో కూర వడ్డిస్తున్న మేస్త్రి చేతిలోంచి గరిటె జారి బల్ల కింద పడింది. తీయడానికి వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు.

లేచాక గరిటె ఊసే ఎత్తలేదు. తిన్నగా స్టాండు దగ్గరికి వెళ్లి, తన చెప్పులు తెచ్చుకుని, అందరూ చూస్తుండగానే కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"కొంప ముంచావు కదరా మేస్త్రీ," అని గొణిగాడు డ్రైవరు.

మేస్త్రి కళ్లతోనే బల్ల కిందికి చూపించాడు. డ్రైవరు వంగి చూశాడు. లేచి వెళ్లి తన చెప్పులూ తెచ్చుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరూ వంగారు, ఒక్కొక్కరూ తెచ్చుకున్నారు. మేడమ్ కూడా వంగి చూసి, జుట్టు ముడేసుకుని, అన్నయ్య కంచంలో మళ్లీ అన్నం పెట్టింది. ఇప్పుడు అందరూ తింటున్నారు.

బల్ల కింద, లేసులు విప్పిన ఆ బూట్లు, అన్నయ్య రెండు మడమల మధ్య గట్టిగా ఇరికించి ఉన్నాయి.