గోడ మీది రొట్టె

"అవ్వా, అది పెద్దల కుర్చీ."

"నాకంటే పెద్దలెవరే ఇక్కడ?" అంటూ ముసలామె ముందు వరుసలో కూర్చుంది.

బోర్డు తుడుస్తున్న జుమ్రద్‌కి భయంలోనూ నవ్వొచ్చింది. తాష్కెంట్ గణిత సంస్థలో ఆమెకిది తొలి ప్రసంగం. పెద్దలు మెచ్చితే లెనిన్‌గ్రాద్‌లో పైచదువు. అండగా ఉండవలసిన 'దొమ్లా', అంటే గురువు తుర్గునోవ్‌నేమో మంత్రిగారు పిలిపించుకున్నారు.

"ఏం చెప్తావే ఇవాళ?"

"ఒకదాని మీద ఒకటి ఆధారపడే సంఘటనల గురించి అవ్వా. నిన్నటి వానని నేటి వాన మరవదు. కానీ దూరం పెరిగేకొద్దీ మరిచిపోతుంది. అలా మరిస్తేనే అన్నీ కలిసి చివరికి ఒక చక్కని గంట ఆకారంలో సర్దుకుంటాయి."

"మరవకపోతే?"

"నా సిద్ధాంతం నిలవదు."

ముసలామె మూట విప్పి గుండ్రటి రొట్టె తీసింది.

"కొరుకు. దూరం పోయేదానివి."

"పోతానో లేదో తెలీదవ్వా!"

"పోతావులే. కొరుకు."

జుమ్రద్ అంచు కొరికింది. ముసలామె మిగతాది గుడ్డలో చుట్టుకుంది.

"మా ఇంటి గోడకి వేలాడదీస్తా. తిరిగొచ్చి తినాలి."

"అప్పటికి రాయైపోతుంది!"

"అవనీ. నువ్వు రా, చాలు."

పెద్దలొచ్చారు. ప్రసంగం సగంలో ఉండగానే అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు.

"త్వరగా అమ్మాయ్, అవతల పులావు అడుగంటుతోంది!"

అందరూ నవ్వారు. జుమ్రద్ కంగారుపడింది. తన సిద్ధాంతానికి పునాదైన సూత్రాన్ని 'కామిలోవ్ సూత్రం' అని పేరు చెప్పి వివరించవలసిన చోట, "ఇది మనకి తెలిసిన సంగతే" అనేసి ముందుకు దూకింది.

చప్పట్లు మోగాయి. పెద్దలు పులావుకి లేచారు. ముసలామె మాత్రం లేవలేదు.

"అయిపోయిందా తల్లీ? ఇంకేమీ చెప్పవా?"

"అంతే అవ్వా. బాగుందా?"

"చక్కగా చెప్పావు." ఆమె జుమ్రద్ తల నిమిరి, మూట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి గురువు ఆయాసపడుతూ వచ్చాడు.

"నెగ్గావటగా!"

"నెగ్గాను దొమ్లా! టైము చాలక కామిలోవ్ పేరొక్కటే వదిలేశాను."

ఆయన ముఖం వాడిపోయింది.

"ముందు వరుసలో ఒక ముసలావిడ కూర్చుందా?"

"మీకు తెలుసా ఆవిడ? నాచేత రొట్టె కొరికించి, గోడకి వేలాడదీస్తానని పట్టుకుపోయింది!"

"నేనే కబురు పెట్టాను, ఇవాళ ఆ పేరు వినబడుతుందని. ఫెర్గానా నుంచి వచ్చింది."

జుమ్రద్ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ట్రామ్ మలుపు తిరిగిపోయింది.

"ఆవిడ గోడకి ఇప్పటికే ఒక రొట్టె వేలాడుతోంది తల్లీ," అన్నాడు గురువు మెల్లగా, "యుద్ధానికి పోతూ సాబిర్ కామిలోవ్ కొరికి వాళ్లమ్మ చేతికిచ్చినది."